పాత వంటగదిని సున్నం, బండ, పాత కలపతో బాగు చేసుకోవడం ఎలా

వంటగది రిపేరు అనగానే ఇంటికొచ్చే మొదటి మనిషి టేపు తీసి గోడ కొలుస్తాడు, రెండో మాటకే "మొత్తం పీకేద్దాం" అంటాడు. మాకూ అదే జరిగింది. నరసరావుపేటలో అమ్మావాళ్ళ ఇల్లు 1988లో కట్టింది. వంటగది పదడుగులకి ఎనిమిది, గట్టు కింద కడప బండ అరలు, మొజాయిక్ నేల, గోడలకి ఎప్పుడో వేసిన ఆకుపచ్చ ఎనామిల్. మాడ్యులర్ కిచెన్లు చేసే ఒకతను చూసి వెళ్ళి 3,80,000కి కొటేషన్ పంపాడు, దాంట్లో ఒక లైను "ఎకో ఫ్రెండ్లీ బోర్డు" అని, పక్కన ఆకు బొమ్మ. ఆ బోర్డులో ఏ జిగురు వాడారు, ఏ గ్రేడు అని ఫోన్ చేసి అడిగితే "ఆకు గుర్తు ఉంది కదా మేడం" అన్నాడు. అక్కడితో నాకు అర్థమైంది, ఇది మనమే కూర్చుని చూసుకోవాల్సిన పని అని.

చివరికి నాలుగు నెలలు పట్టింది, లక్షా నలభై వేలు అయింది, అందులో సగానికి పైగా కూలీయే. ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట, పర్యావరణానికి మంచి మెటీరియల్ ఏది అని షాపుల వెంట తిరిగే ముందు మీ వంటగదిలో ఇప్పటికే ఉన్న మెటీరియల్ ఏమిటో చూడండి. తవ్వడం, కోయడం, లారీలో మోయడం అన్నీ అయిపోయిన బండ అది. దాన్ని పగలగొట్టి వెదురు బోర్డు తెప్పించుకోవడంలో నాకైతే అర్థం కనిపించదు.

మొదటి పని: పది రోజులు ఏమీ పీకకండి

ఒక పాత నోటుబుక్ ఫ్రిజ్ మీద పెట్టి, వంట చేసేవాళ్ళకి ఇబ్బంది అనిపించిన ప్రతిసారీ రాయమనండి. వంట చేయని వాళ్ళ అభిప్రాయం ఈ పది రోజులు అడగకండి. మా అమ్మ రాసిన జాబితాలో కొత్త కప్‌బోర్డులు అన్న మాటే లేదు. సింకు పక్క గోడ చెమ్మ, పొయ్యి దగ్గర తన నీడే తనకి అడ్డం, కింది అరలో వెనక పెట్టిన గిన్నె తీయాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి, కిటికీ గాలికి సిమ్‌లో పెట్టిన మంట ఆరిపోతుంది. అంతే, నాలుగు.

గట్టు ఎత్తు కూడా ఇప్పుడే చూడండి. రోజూ వంట చేసే మనిషిని గట్టు ముందు నిలబెట్టి మోచెయ్యి మడవమనండి, ఆ మోచేతి కన్నా నాలుగు నుంచి ఆరంగుళాలు కిందకి గట్టు ఉంటే నడుం నొప్పి రాదు. అమ్మ పొట్టి మనిషి, ఆవిడకి 32 అంగుళాల గట్టు సరిగ్గా సరిపోయింది. మాడ్యులర్ అతను 34 వేస్తానన్నాడు, ఆయన లెక్కలో అందరు ఆడవాళ్ళూ ఒకే ఎత్తు.

తర్వాత చాక్‌పీసు తీసుకుని ప్రతి వస్తువు మీదా గుర్తు పెట్టండి, ఉంచేది, బాగు చేసేది, తీసేసేది. మా ఇంట్లో తీసేసేవి అని తేలినవి మూడే: సింకు, దాని చుట్టూ గోడ ప్లాస్టరింగ్, అటక మీద తుప్పు పట్టిన రేకు. మేస్త్రీ ఆ గుర్తులన్నీ చూసి "ఇంత తక్కువ పనికి నేనెందుకమ్మా" అన్నాడు కానీ తర్వాత ఆయనకే పని ఎక్కువైంది.

రెండో పని: గీకే ముందు ఆ రంగు గురించి ఆలోచించండి

ఇది చాలామంది వదిలేస్తారు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఇళ్ళకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకు ముందు వేసిన రంగుని నమ్మకూడదు. దాన్ని గ్రైండర్ మిషన్‌తోనో ఎండు ఎమరీ కాగితంతోనో గీకితే ఆ దుమ్ము పప్పు డబ్బాల మీద, చిన్నపిల్లలు పాకే నేల మీద పడుతుంది. నీళ్ళు చల్లి తడిపి, గీకుడు రేకుతో పొరలుగా తీయండి, కింద పాత పట్టా పరవండి, ముక్కుకి మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ నాలుగు రోజులు ఇంట్లో ఉంచకండి. గీకిన పెచ్చుల్ని సంచిలో కట్టి మూట వేయండి. పెరట్లో పారబోస్తే కరివేపాకు చెట్టు కిందకే చేరతాయి.

పాత ఇళ్ళలో పొయ్యి పైనో వెనక వసారాకో సిమెంటు రేకు ఉంటుంది. అది ఆస్‌బెస్టాస్ (దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే నార కలిపినది) అయ్యుంటే దాన్ని కోయకండి, రంధ్రం వేయకండి, పగలగొట్టకండి. గట్టిగా ఉంటే అలాగే వదిలేయడమే మంచిది, తీయక తప్పకపోతే తడిపి, బోల్టులు విప్పి, పలకని పలకగానే దింపాలి.

మూడో పని: చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి

సింకు పక్క గోడ మీద ఉప్పు తేలి, రంగు బుడగలుగా లేచి, చేత్తో తడితే బోలుగా మోగుతుంటే, దాని మీద లప్పం పెట్టి కొత్త రంగు వేయడం అంటే పుండు మీద పౌడరు రాయడమే. మా గోడకి పన్నెండేళ్ళలో మూడుసార్లు అలాగే వేశారు. ఇటుక గోడలోకి నీళ్ళు వెళ్తున్నాయి, పైన సిమెంటు ప్లాస్టరింగూ దాని మీద ఎనామిలూ కలిసి ఆ తడిని బయటికి రానివ్వట్లేదు, అందుకని అది పైపైకి పాకుతోంది.

పైపు కారుతోందా, సింకు అంచు కారుతోందా, బయటి నుంచి వాన నీరు వస్తోందా అన్నది ఒక్కొక్కటిగా తేల్చుకోండి. రెండు రోజులు సింకు వాడకుండా, తర్వాత రెండు రోజులు కుళాయి వాడకుండా చూస్తే సగం తెలిసిపోతుంది. మాకు తప్పంతా సింకు కింద గొట్టం గోడలోకి వెళ్ళే చోట ఉంది, ఆ వాషరు ఖరీదు పదిహేను రూపాయలు. కారడం ఆగాక, తడి కనిపించిన చోటు కన్నా ఒకటి రెండడుగుల పైదాకా ప్లాస్టరింగ్ పెచ్చు కొట్టించి, ఇటుక కనిపించేలా వదిలేసి నెల రోజులు ఆరనివ్వండి. అవును, నెల. ఈ నెలలో వరండాలో ఒక బల్ల వేసుకుని వంట కానిచ్చేశాం. సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టండి, వానాకాలంలో మొదలుపెడితే ఆ గోడ ఆరదు, మీ ఓపికా ఆగదు.

ఈ ఆరే నెలలోనే కరెంటు గొట్టాలు, నీళ్ళ గొట్టాలు గోడలోకి వెళ్ళిపోవాలి. మిక్సీ ఎక్కడ, గ్రైండరు ఎక్కడ, రేపు ఇండక్షన్ పొయ్యి కొంటే దానికి 16 ఆంప్స్ ప్లగ్గు ఎక్కడ అన్నీ ముందే తేల్చండి. మేము గ్రైండరు పాయింటు మర్చిపోయాం. కొత్తగా చేసిన సున్నం గోడని మళ్ళీ చెక్కించాల్సి వచ్చింది, ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది, నేను దాని ముందు కేలండరు తగిలించాను.

నాలుగో పని: సున్నం

అసలు పని ఇదే, తీరిగ్గా చదవండి.

సున్నం ఎందుకంటే, ఒకటి, గోడ లోపలి తడి బయటికి ఆవిరైపోతుంది. రెండు, సిమెంటు క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) తయారు కావాలంటే దాదాపు 1450 డిగ్రీల వేడి కావాలి, సున్నపురాయి కాలడానికి 900 డిగ్రీల చుట్టుపక్కల చాలు. పైగా రాయి కాలినప్పుడు దాన్లోంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగాన్ని సున్నం గోడ మీద గట్టిపడుతూ గాలిలోంచి మళ్ళీ పీల్చుకుంటుంది. అలాగని సున్నం మహా పుణ్యాత్మురాలని అనను, బట్టీలోనూ బొగ్గే మండుతుంది, పక్కనున్న పిడుగురాళ్ళ వైపు ఒకసారి వెళ్తే ఆ బట్టీల పొగ, ధూళి కనిపిస్తాయి. మాకు ముప్ఫై కిలోమీటర్లలో దొరికే సరుకు కాబట్టి లాభం. మీరు శ్రీకాకుళంలో ఉండి ఇక్కడి నుంచి లారీ మాట్లాడుకుంటే ఆ లాభం రోడ్డు మీదే పోతుంది.

రాళ్ళ సున్నం, అంటే కాల్చి ఇంకా నీళ్ళు తగలని సున్నపురాయి, కొనండి, పొడి సున్నం సంచులు వద్దు, అవి గాలి తగిలి ఎప్పుడు చచ్చిపోయాయో తెలియదు. పాత ఇనప డ్రమ్ము తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్‌లో వేయకండి, వేడికి మెత్తబడి కూలిపోతుంది. డ్రమ్ములో సగానికి పైగా ముందే నీళ్ళు పోసి, రాళ్ళని ఒక్కొక్కటిగా అందులో వేయాలి. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా చిమ్ముతుంది. వేసిన ఒకటి రెండు నిమిషాలు ఏమీ జరగదు, మోసపోయామా అనుకుంటాం. తర్వాత రాయి బుసకొడుతుంది, పగులుతుంది, నీళ్ళు అన్నం ఎసరులా కుతకుతా ఉడుకుతాయి, ఆవిరి మొహానికి కొడుతుంది. మా మేస్త్రీ వెదురు బొంగుతో కలుపుతూ ఒక అడుగు వెనక్కి నిలబడ్డాడు, నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఇంకా వెనక. ఈ పని దగ్గర కళ్ళకి అద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు లేకుండా ఎవరినీ నిలబెట్టకండి, కంట్లో సున్నం పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడుగుతూనే ఉండి ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లల్నీ కుక్కనీ ఆవలికి పంపించేయండి.

చల్లారాక జల్లెడ పట్టి రాళ్ళు తీసేసి, పైన నాలుగంగుళాల నీళ్ళు నిలబడేలా ఉంచి మూత పెట్టండి. కనీసం పదిహేను రోజులు నాననివ్వాలి, ఎంత ఎక్కువ నానితే అంత మంచిది. నానిన సున్నాన్ని తాపీతో తీస్తే గడ్డపెరుగులా జారకుండా నిలబడాలి.

మేం వేసిన పాళ్ళు: ఒక తట్ట నానిన సున్నం, ఒక తట్ట మెత్తటి ఇటుక పొడి, రెండు తట్టల ఇసుక. ఇటుక పొడి బాగా కాలిన ఇటుకలది కావాలి, కొంచెం తడి తగిలే గోడకి అదే బలం. పాత ఇటుక ముక్కలు ఉంటే దంచి జల్లించుకోండి, మాకు పెచ్చులు కొట్టినప్పుడు వచ్చిన విరిగిన ఇటుకలే సరిపోయాయి, రంగు అంటిన ముక్కలు మాత్రం ఏరి పారేశాం. ఇసుక ప్లాస్టరింగ్‌కి వాడే సన్నరకం క్రషర్ ఇసుక తీసుకోండి, దుమ్ము ఎక్కువుంటే కడగండి. కరక్కాయలు నలగ్గొట్టి బెల్లంతో నానబెట్టి ఆ నీళ్ళు కలిపితే గోడ రాయిలా అవుతుందని పాతవాళ్ళంటారు. మేము ఒక్క గోడకి కలిపాం. నాకు తేడా ఏమీ కనిపించలేదు, మేస్త్రీకి కనిపించింది.

గోడని ముందు రోజు నుంచే తడిపి ఉంచండి. మొదటి పూత అర అంగుళం లోపు, అది గట్టిపడ్డాక ఓ వారానికి రెండోది పావంగుళం. ఎండ మొహాన పడే గోడకి తడి గోనెసంచులు కట్టండి, త్వరగా ఆరితే పగులుతుంది. పది రోజులు రోజుకి రెండు పూటలు నీళ్ళు చిలకరించండి, ధారగా కొట్టకండి.

ఇప్పుడు జాగ్రత్త. మీరు టీ తేవడానికి లోపలికి వెళ్ళిన ఆ పది నిమిషాల్లో మేస్త్రీ ఓ తట్ట సిమెంటు కలిపేస్తాడు. మోసం కాదు, ప్రేమతోనే. "పట్టుగా ఉంటుందని వేశానమ్మా." మా కిటికీ పక్క మూడడుగుల ముక్క అలా అయింది, సరిగ్గా అక్కడే బీటలు వచ్చాయి. సిమెంటు త్వరగా బిగుసుకుంటుంది, చుట్టూ సున్నం నెమ్మదిగా, రెండూ ఒక గోడ మీద సర్దుకోలేవు. సిమెంటు బస్తా అసలు ఇంటి ఛాయల్లో లేకుండా చూసుకోండి.

పైన వెల్ల. నానిన సున్నాన్ని పాలలా పలచన చేసి, పల్చటి గుడ్డలో వడకట్టి, కాస్త తుమ్మజిగురు నానబెట్టిన నీళ్ళు, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు వేసి, తడిపిన గోడ మీద కుంచెతో మూడు నాలుగు పూతలు. వేస్తున్నప్పుడు నీళ్ళు పూస్తున్నట్టే ఉంటుంది, ఏమీ కనిపించదు, కంగారుపడి చిక్కగా కలపకండి. ఆరాక తెల్లబడుతుంది. నేను మొదటి గోడకి చిక్కగా కలిపాను, వారం పాటు ఎవరు ఆ గోడకి ఆనుకున్నా వీపు మీద తెల్లటి మరక. గోడకి ప్లాస్టిక్ ఎమల్షన్ పూసి ఉంటే దాని మీద వెల్ల నిలబడదు, పొరలుగా రాలుతుంది, దాన్ని పూర్తిగా తీశాకే వేయాలి. తీయడం కుదరకపోతే వాసన తక్కువున్న, వీఓసీ (రంగులోంచి గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) తక్కువని డబ్బా మీద లెక్కతో సహా రాసిన నీళ్ళ రంగు వేసుకోండి, అదేమీ నేరం కాదు.

పొయ్యి వెనక గోడకి మాత్రం వెల్ల వద్దు. పోపు చిటపటలకి వారంలో పసుపు, నూనె మచ్చలు పడి అసహ్యంగా ఉంటుంది. అక్కడ రెండడుగుల ఎత్తున బండ ముక్కలు అతికించండి.

ఐదో పని: గట్టు, నేల

కడప బండ సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ పడితే నలుపు పోయి బూడిదరంగు మచ్చ పడుతుంది. నమ్మకం లేకపోతే ఓ విరిగిన ముక్క మీద నిమ్మకాయ పిండి చూడండి. అందుకని కింద అరలకి కడప బండని మించింది లేదు, చెద పట్టదు, నీటికి ఉబ్బదు, ముప్ఫై ఏళ్ళయినా వంగదు. పైన వంట చేసే గట్టుకి మాత్రం గ్రానైటే మేలు. మా గట్టు మీదా కడప బండే ఉండేది, దాన్ని పీకకుండా దాని మీదే సన్నటి గ్రానైట్ పలక పరిపించాం, ఎత్తు ముప్పావంగుళం పెరిగింది, అమ్మ గమనించలేదు.

గ్రానైట్ కొత్త పలక కొనే ముందు కోత మిల్లుల దగ్గర మిగిలిన ముక్కలు అడగండి. చీమకుర్తి నుంచి వచ్చే నల్ల గెలాక్సీ రకం ముక్కలు కూడా అక్కడ గుట్టగా పడి ఉంటాయి, రెండడుగులు మూడడుగులవి అయితే బేరం బాగా కుదురుతుంది. మాది రెండు ముక్కల గట్టు, అతుకు సింకు దగ్గర వచ్చేలా కోయించాం. సింకు కోసం కోసిన ముక్కని వదిలేయకండి, మా ఇంట్లో అది చపాతీల పీట.

ఇప్పుడు అందరూ అడిగే క్వార్ట్జ్ గట్టు గురించి. అది కొండ నుంచి తెచ్చిన పలక కాదు, రాతిపొడిని ప్లాస్టిక్ జిగురుతో కలిపి ఒత్తిన పలక. దాన్ని కోసేవాళ్ళ ఊపిరితిత్తులు సిలికా దుమ్ముతో పాడవుతున్నాయని ఆస్ట్రేలియా 2024 జులై నుంచి ఆ పలకల తయారీని, అమ్మకాన్ని, కోసి బిగించడాన్నే నిషేధించింది. గ్రానైట్ కోసినా సిలికా దుమ్ము వస్తుంది, కాబట్టి ఏది కోయించినా నీళ్ళు పోస్తూ కోయమనండి, కుర్రాడికి మాస్కు మీరే కొనివ్వండి.

నేల విషయంలో ఇంకా సులువు. 70ల నుంచి 90ల దాకా కట్టిన ఇళ్ళలో చాలా వరకు మొజాయిక్ ఉంటుంది, జిడ్డు పట్టి నల్లబడి ఉంటుంది, దాని మీద విట్రిఫైడ్ టైల్స్ వేయమని అందరూ చెప్తారు. ఒక మూల నాలుగడుగులు పాలిష్ పట్టించి చూడండి చాలు. మా నేలలో గులాబీ, నలుపు రాతి గింజలు ఉన్నాయన్న సంగతి మిషన్ తిరిగాక తెలిసింది, అమ్మ కూడా మర్చిపోయింది. పగుళ్ళలో తెల్ల సిమెంటు, రాతి గింజలు నింపి, గరుకు రాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా పోతారు, వంటగది ఒకటిన్నర రోజులో అయిపోతుంది. ఆ పాలిష్ బురదని జలదారిలోకి వదలనివ్వకండి, గొట్టంలో గడ్డకట్టుకుపోతుంది. ఎత్తి ఎండబెట్టి పారేయాలి.

నేల నిజంగానే పాడైపోయి ఉంటే తాండూరు బండలో, బేతంచెర్ల బండలో, మీకు ఏది దగ్గరైతే అది. అవీ సున్నపురాయే, కాబట్టి బాత్రూం కడిగే యాసిడ్ వంటగదిలోకి రాకూడదు.

ఆరో పని: చెక్క

కప్‌బోర్డు మొత్తం ప్లైవుడ్ డబ్బాలా చేయించాల్సిన పని లేదు. బండ అరలు ఉన్నప్పుడు వాటికి ముందు తలుపులు ఉంటే చాలు. అమ్మమ్మగారి ఊళ్ళో ఇల్లు కూలగొట్టినప్పుడు దాచిన టేకు కిటికీ రెక్కలు, ఒక తలుపు ఉన్నాయి, అవే కోయించాం. మీకు అలాంటివి లేకపోతే పాత ఇళ్ళ కలప అమ్మే దుకాణాలు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంటాయి, ఉదయాన్నే వెళ్ళండి, వడ్రంగిని వెంట తీసుకెళ్ళండి. పాత కలపలో మేకులు లోపల విరిగి ఉంటాయి, అయస్కాంతం తిప్పి చూడకుండా రంపం పెడితే బ్లేడు పోతుంది, ఆ డబ్బులు మీ దగ్గరే వసూలు చేస్తారు. పాత రంగు ఉంటే ముందు చెప్పిన సీసం జాగ్రత్తలే దీనికీ.

కింది అరలో వెనక గిన్నె తీయలేకపోవడం అన్న సమస్యకి చక్రాలున్న రెండు చెక్క ట్రేలు చేయించాం. దాంతో తీరిపోయింది, ఒక్కోదానికి వెయ్యి రూపాయలు కాలేదు.

ప్లైవుడ్ తప్పదు అనుకుంటే రెండు నంబర్లు గుర్తుంచుకోండి. రెండూ భారత ప్రమాణాల (ఐఎస్) నంబర్లే. ఐఎస్ 303 ఎంఆర్ (కొంత తేమని తట్టుకునే) రకం మామూలు గదులకి, ఐఎస్ 710 రకం నీళ్ళు తగిలే చోటికి. జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, కొత్త కప్‌బోర్డు తెరిస్తే కళ్ళు మండే వాసన దానిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని కేన్సర్ కారకాల్లో చేర్చింది. వాసన తక్కువ వదిలే బోర్డుని ఈ1 అంటారు, అంతకన్నా తక్కువైతే ఈ0. ఆకు బొమ్మ కాదు, ఈ అక్షరాలు బోర్డు మీద, బిల్లు మీద ఉండాలి. కోసిన అంచులన్నీ మూయించండి, వాసనా అక్కడి నుంచే వస్తుంది, నీళ్ళూ అక్కడి నుంచే ఎక్కుతాయి.

ఒక చిన్న పరీక్ష. షాపులో రెండు మూడు రకాల ముక్కలు అడిగి తెచ్చుకుని, పనికిరాని గిన్నెలో పెరట్లో కట్టెల పొయ్యి మీద నాలుగు గంటలు ఉడకబెట్టండి. ఐఎస్ 710కి అసలు పరీక్ష 72 గంటలు, మనకి అంత అక్కర్లేదు. "మెరైన్ ప్లై, గ్యారంటీ" అని ఇచ్చిన ముక్క మూడో గంటలో మడతకాజాలా పొరలు విడిపోయింది. దాన్ని కడిగి ఆరబెట్టి సంచిలో వేసుకుని షాపుకి తీసుకెళ్ళాను, ఆయన చూసి "ఇది మా ముక్క కాదు" అన్నాడు. వెనక వాళ్ళ స్టాంపు ఉంది.

చెక్కకి పాలిష్ కోసం అవిసె నూనె, తేనెమైనం చాలు. నాలుగు పాళ్ళ నూనెకి ఒక పాలు మైనం, వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద వద్దు. పల్చగా రాసి, అరగంటకి పొడి గుడ్డతో తుడిచేసి, రెండు రోజులు ఆగి మళ్ళీ. మందంగా రాస్తే జిడ్డుగానే ఉండిపోతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటి, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండగా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్ళ బకెట్‌లో ముంచండి, లేదా బయట తీగ మీద విడిగా ఆరేయండి.

ఏడో పని: గాలి, గ్యాస్, నీళ్ళు

సిలిండరు గట్టు కింద తలుపు వెనక పెడుతున్నారా? ఆ తలుపుకి అడుగున, నేలకి ఆనుకుని, గాలి రంధ్రాలు తప్పకుండా పెట్టించండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, పైన జాలీ పెట్టి ఉపయోగం లేదు.

చిమ్నీ కొనాలా వద్దా అని ఇంట్లో నెల రోజులు వాదించుకున్నాం. కిటికీకి ఎదురు గోడలో పైన మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే గాలి గదంతా దాటి బయటికి పోతుంది, మాకు అది సరిపోయింది. చిమ్నీయే కావాలంటే గొట్టం గోడ బయటికి వెళ్ళే రకం కొనండి. గొట్టం లేని రకం పొగని వడగట్టి మళ్ళీ మీ మొహానికే వదులుతుంది. పొయ్యిని కిటికీ నుంచి రెండడుగులు పక్కకి జరిపితే మంట ఆరిపోవడం ఆగింది. పై అర అడుగున ఒక ఎల్ఈడీ పట్టీ అతికిస్తే అమ్మ నీడ సమస్య పోయింది.

సింకు కొనేటప్పుడు చాలామంది అయస్కాంతం తీసుకెళ్తారు. అంటుకోకపోతే మంచి స్టీలు అనుకుంటారు. 202 రకం కూడా మామూలుగా అంటుకోదు, 304 కూడా అంటుకోదు, తుప్పు పట్టేది మాత్రం 202యే. బిల్లు మీద 304 అని రాయించుకోవడం తప్ప అయస్కాంతంతో తేలదు. కుళాయి మూతికి గాలి కలిపే జల్లెడ బిగించండి, నీళ్ళు బాగా తగ్గుతాయి, గిన్నె తొలిచేటప్పుడు చికాకుగానూ ఉండదు.

పెరడు ఉంటే సింకు నీళ్ళని అరటి చెట్లకి మళ్ళించండి. మధ్యలో ఒక చిన్న తొట్టి కట్టించి, జిడ్డు పైన తేలి ఆగేలా గొట్టాన్ని అడుగు నుంచి బయటికి తీయాలి, తర్వాత కంకర నింపిన గుంట. తొట్టి మీద జిడ్డుని పదిహేను రోజులకోసారి తీయాలి, ఆ పని ఎవరిదో ముందే మాట్లాడుకోండి, మా ఇంట్లో మాట్లాడుకోలేదు. బ్లీచింగ్, యాసిడ్ పోసిన రోజు మొక్కలకి వదలకండి.

చివర్లో మిగిలేవి

పగలగొట్టిన చెత్తని చెరువు గట్టున పోసి వచ్చే ట్రాక్టరుని పిలవకండి. హైదరాబాద్‌లో అయితే జీడిమెట్లలోనూ ఫతుల్లగూడలోనూ భవన వ్యర్థాలని మళ్ళీ పనికొచ్చేలా చేసే ప్లాంట్లు ఉన్నాయి, మున్సిపాలిటీ ద్వారా పంపవచ్చు. మాకు వచ్చిందే పది పన్నెండు తట్టలు, రంగు లేని సిమెంటు పెచ్చులన్నీ పెరట్లో బావి దగ్గరికి వెళ్ళే దారి కింద పరిచి పైన విరిగిన కడప బండ ముక్కలు వేశాం. వానాకాలంలో అక్కడ బురద తొక్కడం తప్పింది.

డ్రమ్ములో సున్నం ఇంకా మిగిలే ఉంటుంది, మాకు పావు డ్రమ్ము మిగిలింది. పారబోయకండి. పైన నాలుగంగుళాల నీళ్ళు నిలిపి, గట్టి మూత పెట్టి, మూత మీద బరువు పెట్టి, పిల్లలకి అందని చోట నీడలో ఉంచండి. నెలకోసారి మూత తీసి, నీళ్ళు తగ్గితే పోయండి. వచ్చే సంక్రాంతికి పొయ్యి పక్క గోడకి ఒక పూత వెల్లకి అది చాలు.